పేరు సరే... చిరునామా నిజమేనా?

దేశంలోని బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' పేరు కిందికి మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆ పేర్ల నమోదు బాధ్యతను హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగించారు. నకిలీ సైట్ల బారి నుంచి ఖాతాదారులను కాపాడటమే దీని ఉద్దేశం. అయితే పేరు అసలుదైనంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. ఆ పేరుకు లభించే చిరునామా కూడా అసలుదే కావాలి.

కంప్యూటర్లు ఒకదానినొకటి గుర్తించేది అంకెల చిరునామాలతోనే. మనం టైపు చేసిన పేరుకు తగిన అంకెలను వెదికి ఇచ్చే ఏర్పాటే డొమైన్ నేమ్ సిస్టమ్. టెలిఫోన్ డైరెక్టరీ వంటి ఈ వ్యవస్థను 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించారు. ఇంటర్నెట్ కొద్దిపాటి పరిశోధన సంస్థలకే పరిమితమైన ఆ రోజుల్లో, వచ్చిన జవాబు నిజమా కాదా అని పరీక్షించే ఏర్పాటు అందులో చేయలేదు.

దాని పర్యవసానం ఎంత తీవ్రమో 2008లో భద్రతా నిపుణుడు డాన్ కమిన్‌స్కీ వెల్లడించారు. ఇంటర్నెట్ సంస్థల సర్వర్లు ఒకసారి తెలుసుకున్న చిరునామాను కొంతకాలం నిల్వ ఉంచుకుంటాయి. అసలు జవాబు కన్నా ముందే తప్పుడు జవాబును అందులోకి చొప్పించగలిగితే, ఆ సర్వరుపై ఆధారపడినవారు సరైన పేరే టైపు చేసినా దొంగ సైటుకు చేరుకుంటారు. సాఫ్ట్‌వేర్ సంస్థలు హుటాహుటిన చేసిన సవరణలు ఈ మోసాన్ని కష్టతరం చేశాయే తప్ప పూర్తిగా అరికట్టలేదు.

సంతకాల గొలుసు

దీనికి విరుగుడే 'డీఎన్ఎస్‌సెక్' అనే భద్రతా విధానం. ఇందులో ప్రతి జవాబుకూ డిజిటల్ సంతకం జతపడుతుంది. బ్యాంకు సంతకానికి పైస్థాయి, దానికి 'డాట్ ఇన్', 'డాట్ ఇన్'కు అన్నిటికీ మూలమైన 'రూట్' హామీ ఇస్తాయి. రూట్‌కు 2010 జులై 15న ఈ రక్షణ సమకూరింది. దాని మూల తాళంచెవులను అమెరికాలో రెండుచోట్ల భద్రపరచి, వివిధ దేశాల ప్రతినిధుల సాక్షిగా వినియోగిస్తారు.

పరిమితులూ ఉన్నాయి

ఈ విధానం సమాచారాన్ని రహస్యంగా ఉంచదు. ఒక అక్షరం తేడాతో నమోదైన నకిలీ పేరును అడ్డుకోలేదు. పైగా సంతకాల గడువు తీరిపోతే అసలు సైటు సైతం అందకుండా పోతుంది. అందువల్లనే పలు సంస్థలు దీనికి వెనుకంజ వేస్తున్నాయి.

బ్యాంకు సంతకం చేసినంత మాత్రాన సరిపోదు. ఖాతాదారుకు ఇంటర్నెట్ అందించే సంస్థ కూడా దానిని సరిచూడాలి. సరిచూసేవారు లేని సంతకం ఉన్నా లేనట్టే.