రంగులు చెప్పిన లెక్క

పిల్లలూ, యుద్ధంలో సైనికులు దేనివల్ల చనిపోతారు? గాయాలవల్లనే అంటారు మీరు. 1854లో క్రిమియా యుద్ధానికి నర్సుగా వెళ్ళిన ఫ్లారెన్స్ నైటింగేల్ చూసినది వేరు. అంటురోగాలే ఎక్కువమందిని బలిగొన్నాయి. కాని బారెడు లెక్కలు చదివే ఓపిక అందరికీ ఉండదు గదా! అందుకని 1858లో ఆమె ఆ లెక్కలను బొమ్మగా అచ్చువేయించింది. ఏడాదికొక చక్రం, నెలకొక రేకు. శుభ్రతతో ఆపదగిన రోగాలకు నీలం, గాయాలకు ఎరుపు, ఇతర కారణాలకు నలుపు. నీలంముందు ఎరుపు వెలవెలపోయింది! తరువాత సైనికుల నివాసాలలో పారిశుద్ధ్యం మెరుగుపడింది.

మీరూ మీ తరగతికి ఇటువంటి బొమ్మ వేయవచ్చు. గళ్ళకాగితం మీద నెలకొక నిలువు వరస గీయండి. ఎవరైనా బడికి రానిరోజున ఒక గడి నింపండి. జ్వరమైతే నీలం, ఊరికి వెళితే ఎరుపు, ఇంకేదైనా అయితే నలుపు. ఏ రంగు దేనికో పక్కన రాయడం మరవకండి.

ఏడాది తిరిగాక ఏ నెలలో నీలం ఎత్తుగా పెరిగిందో చూడండి. బొమ్మ కారణం చెప్పదు. ఎప్పుడు వెతకాలో చెబుతుంది. మళ్ళీ ఆ నెల రాకముందే బడిచుట్టూ నీరు నిలిచిందేమో, మంచినీళ్ళకుండకు మూత ఉన్నదో లేదో చూసుకోండి.