పచ్చ గన్నేరు, డాఫొడిల్: పెరట్లోని రెండు పసుపు పూలు



సెలవులు వస్తే పిల్లలు పెరట్లో గుజ్జనగూళ్లు ఆడుకుంటారు. ఆ ఆటలో మట్టి అన్నం, ఆకులు కూర, కాయల్లోని గింజలు పప్పు అవుతాయి. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ గింజ పచ్చ గన్నేరుదైతే అది ఆటతో పోయే విషయం కాదు.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లివచ్చే పెద్దవారు ఈమధ్య మరో పసుపు పువ్వు గురించి అడుగుతున్నారు. చలి తగ్గగానే అక్కడి పెరళ్లలో గుంపులుగా పూసే డాఫొడిల్ అది. "మన గన్నేరులాగే అదీ విషమటగదా, నిజమేనా?" అని వారి ప్రశ్న. నిజమే. రెండూ విషమే, కానీ రెండూ ఒకటి కాదు. ఒకటి కడుపును పట్టుకుంటుంది, రెండోది గుండెను పట్టుకుంటుంది. ఈ తేడా తెలిస్తే ఏ మొక్కను ఎక్కడ ఉంచాలో, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలో తెలుస్తుంది.

రెండు మొక్కల స్వభావం

పచ్చ గన్నేరు ఉష్ణమండలపు చెట్టు. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. మన నేలకు బాగా అలవాటుపడి, నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. సుమారు 20 అడుగుల ఎత్తు వరకు పెరుగుతుంది, దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది. పశువులు తినవు కాబట్టి చాలామంది కంచెగా వేస్తారు. పూజకు పూలు దొరుకుతాయని గుమ్మం ముందు వేసేవారూ ఉన్నారు. ఆకు తుంచితే పాలు కారతాయి. కాయ ముందు ఆకుపచ్చగా ఉండి, ముదిరితే నల్లబడుతుంది. దానిలోని గట్టి టెంక లోపల ఉండేదే గన్నేరు పప్పు.

డాఫొడిల్ చెట్టు కాదు, దుంప మొక్క. ఐరోపాలోని చలి ప్రాంతాల్లో దీని దుంపలను చలికాలానికి ముందు నేలలో పాతుతారు. కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితేనే అది పూస్తుంది. వసంతంలో కొద్ది వారాలు పూసి, ఆకులు ఎండిపోయాక దుంప మళ్లీ నేలలో నిద్రపోతుంది. మన మైదాన ప్రాంతాల్లో అంత చలి ఉండదు కనుక ఇక్కడి పెరళ్లలో అది కనిపించదు. కానీ దాని చుట్టాలు ఉన్నాయి. వేసవిలో పెద్ద ఎర్రపూలు పూసే అమరిల్లిస్ దుంప అదే కుటుంబానికి చెందినది. దండల్లో గుచ్చే తెల్లని లిల్లీ పూలు మాత్రం వేరు. వాటి గురించి మేము చెప్పడం లేదు.

డాఫొడిల్ ఏం చేస్తుంది?

డాఫొడిల్ దుంప అచ్చంగా ఉల్లిగడ్డలా ఉంటుంది. మొగ్గ విచ్చకముందు దాని ఆకులు, కాడలు ఉల్లికాడల్లా ఉంటాయి. ప్రమాదమంతా ఈ పోలికలోనే ఉంది. 2009లో ఇంగ్లండులోని ఒక పాఠశాలలో పిల్లలు చేసిన సూపులో ఉల్లిగడ్డలతో పాటు పొరపాటున డాఫొడిల్ దుంప పడి, పలువురు పిల్లలు అస్వస్థతకు గురయ్యారు. వండినా దీని విషం పోదని ఈ సంఘటన చెబుతోంది. 2015లో అక్కడి ప్రజారోగ్య శాఖ, కూరగాయల పక్కన డాఫొడిల్ పూలకట్టలు పెట్టవద్దని పెద్ద దుకాణాలను కోరింది.

దీనిలోని లైకోరిన్ అనే పదార్థం తిన్న కొద్దిసేపటికే వాంతులు చేయిస్తుంది. కడుపునొప్పి, విరేచనాలు కూడా రావచ్చు. వాంతుల వల్ల విషం చాలావరకు బయటకు వచ్చేస్తుంది. అందుకే ఎక్కువమంది ఒక రోజులో తేరుకుంటారు. చిన్నపిల్లల్లో మాత్రం ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూడాలి. ఈ పూలు కోసే కూలీలకు వాటి జిగురు తగిలి చేతులు దురద పెట్టడం కూడా ఉంది.

ఈ కుటుంబపు మొక్కల నుండి తీసే గాలంటమిన్ అనే మందును మతిమరుపు జబ్బు అయిన అల్జీమర్స్‌కు డాక్టర్లు వాడుతున్నారు. అలా అని మొక్కను తింటే మందు అవదు.

పచ్చ గన్నేరు ఏం చేస్తుంది?

గుండె బలహీనపడినవారిలో కొందరికి డాక్టర్లు డిజాక్సిన్ అనే మాత్ర ఇస్తారు. దీని మూలం కూడా మొక్కే. ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్క ఆకు గుణాన్ని ఇంగ్లండు వైద్యుడు విలియం వితరింగ్ 1785లో గ్రంథంగా రాశాడు. పచ్చ గన్నేరులోని విషం కూడా ఈ జాతిదే. తేడా ఏమిటంటే, మాత్రలో మందు కొలిచి ఉంటుంది, గింజలో కొలత ఉండదు.

మన గుండె కణాల్లో సోడియంను బయటకు తోడి, పొటాషియంను లోపలికి పంపే చిన్న పంపులు ఉంటాయి. ఈ విషం ఆ పంపులను ఆపేస్తుంది. అప్పుడు గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది లేదా లయ తప్పుతుంది. రక్తంలో పొటాషియం పెరిగితే అపాయం మరింత పెరుగుతుంది.

మొదట నోరు మండడం, వాంతులు, విరేచనాలు, కళ్లు తిరగడం కనిపిస్తాయి. వాంతి కాగానే "అంతా పోయిందిలే" అని ఇంట్లోనే ఉండిపోవడం పెద్ద పొరపాటు. పైకి బాగానే కనిపించే మనిషికి కూడా గంటల తర్వాత గుండె లయ తప్పవచ్చు. అందుకే ఇలాంటివారిని కనీసం ఒక రోజు ఆసుపత్రిలో ఉంచి, మళ్లీ మళ్లీ ఈసీజీ తీసి, పొటాషియం పరీక్ష చేస్తారు.

దీనికి చికిత్స ఉంది. గుండె వేగం తగ్గితే అట్రోపిన్ ఇంజెక్షను ఇస్తారు, అవసరమైతే తాత్కాలిక పేస్‌మేకర్ అమరుస్తారు. డిజాక్సిన్‌కు విరుగుడుగా తయారైన యాంటీబాడీ మందు దీనికి కూడా పనిచేస్తుందని శ్రీలంకలో జరిపిన పరిశోధన 2000లో నిరూపించింది. అయితే అది చాలా ఖరీదైన మందు, అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. అయినా త్వరగా ఆసుపత్రికి చేరినవారిలో ఎక్కువమంది కోలుకుంటారు. కాబట్టి ఆలస్యం చేయకపోవడమే మన చేతిలో ఉన్న మందు.

పిల్లలు నోట్లో పెట్టుకుంటే ఏం చేయాలి?

1. నోట్లో మిగిలిన ముక్కలు తీసి, నీళ్లతో పుక్కిలింపజేయండి.

2. వేలు పెట్టి వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పేడనీళ్లు, చింతపండు పులుసు తాగించవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతే కొత్త ప్రమాదం.

3. నీరసం తగ్గుతుందని గన్నేరు తిన్నవారికి కొబ్బరినీళ్లు ఇవ్వవద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ.

4. వెంటనే 108కి ఫోను చేయండి, లేదా దొరికిన వాహనంలో ఈసీజీ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

5. తిన్న కాయను లేదా కొమ్మను సంచిలో వేసి వెంట తెండి. ఎప్పుడు తిన్నారో డాక్టరుకు చెప్పండి.

అమెరికాలో ఉన్నవారు విషాల సమాచార కేంద్రానికి 1-800-222-1222 నంబరులో, ఇంగ్లండులో ఉన్నవారు 111 నంబరులో ఫోను చేసి సలహా అడగవచ్చు. స్పృహ తప్పినా, ఊపిరి ఇబ్బందైనా అత్యవసర నంబరుకే చేయాలి.

మరి పెరట్లో ఏది ఉంచాలి?

కూతురి కాన్పుకో, కోడలి కాన్పుకో విదేశం వెళ్లినవారు అక్కడి డాఫొడిల్‌ను చూసి భయపడనక్కర్లేదు. దుంపలను వంటింట్లో ఉల్లిగడ్డల దగ్గర ఉంచకండి. తోటలోని కాడలను ఉల్లికాడలనుకొని కోయకండి. పూలు తాకాక చేతులు కడుక్కోండి. ఇంతే చాలు. ఇక్కడి అమరిల్లిస్ దుంపలకూ ఇదే జాగ్రత్త.

పచ్చ గన్నేరు విషయంలో మా సలహా వేరు. చిన్నపిల్లలున్న ఇంట్లో, బడిలో, అంగన్‌వాడీ దగ్గర ఆ చెట్టు ఉండకూడదు. దాని స్థానంలో మందారం, మల్లె వేసుకోండి. చెట్టు తీసేటప్పుడు పాలు కంట్లో పడకుండా చూసుకోండి. కొమ్మలను పొయ్యిలో పెట్టవద్దు, పశువుల మేతలో కలవనివ్వవద్దు. వెంటనే తీయలేకపోతే, రాలిన కాయలను రోజూ ఏరి లోతుగా పూడ్చండి. ఎర్ర గన్నేరులో కూడా ఇలాంటి విషమే ఉందని మరువవద్దు.

చివరగా ఒక మాట. గన్నేరు అపాయం పిల్లల ఆటకే పరిమితం కాదని మనందరికీ తెలుసు. మీ ఇంట్లోగాని, పొరుగునగాని ఎవరైనా మనసు విరిగి, బతకాలని లేదని అంటుంటే తేలికగా తీసుకోకండి. పక్కన కూర్చొని వినండి, ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పెరట్లో చెట్టు తీసేయడం ఒక పూట పని. పక్కవారి బాధ వినడానికి కూడా అంతకంటే ఎక్కువ సమయం పట్టకపోవచ్చు.