అగ్గువకు ఆశపడితే.. చెదలపాలే!

బామ్ని: ఆడబిడ్డ పెళ్లి కుదిరిందంటే ఇంట్లో మొదట లెక్కకొచ్చేది మంచం, బీరువా. అప్పు చేసైనా కొంటారు. నాలుగు వానలకే వాటికి చెదలు పడితే.. అప్పు తీరకముందే సామాను పోయినట్లే.

బామ్నిని ఆనుకుని ఉన్న బల్లార్షా టేకుకు పెట్టింది పేరు. అయోధ్య రామాలయం తలుపులకు 2023 మార్చిలో టేకు వెళ్లింది ఇక్కడి నుంచే. వాటిని చేసింది హైదరాబాద్‌కు చెందిన అనురాధ టింబర్స్. అంతటి కలప పక్కనే ఉన్నా.. పిరమని వెనక్కి తగ్గేవారికి మెత్తటి కర్ర, పార్టికల్ బోర్డు సామానే దిక్కవుతోంది.

చేవే ప్రాణం
టేకు మాను నడిమి భాగమే చేవ. అందులోని సహజ నూనెల వల్ల చెదలకు, తేమకు త్వరగా లొంగదు. చుట్టూ ఉండే తెల్ల కర్రకు ఆ బలం లేదు. రంగు పూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇక పార్టికల్ బోర్డు తడిస్తే ఉబ్బుతుంది. ఊడిన స్క్రూ మళ్లీ పట్టదు.

ఇలా చూసుకోవాలి
* పాలిష్ వేయకముందే కర్ర చూడాలి.
* సొరుగు అడుగు, బీరువా వెనక భాగం తప్పక చూడాలి.
* పలక అంచున పొరలు కనిపిస్తే అది ప్లైవుడ్.
* టేకు దుంగలు, సైజులు సరిహద్దు దాటించాలంటే బిల్లుతోపాటు అటవీశాఖ రవాణా పర్మిట్ ఉండాలి.

పైసలు చాలకుంటే అంతా టేకే కానక్కర్లేదు. మంచానికి కోళ్లు, పట్టెలు చేవ కర్రతో చేయించుకుంటే చాలు. పలక పోతే మార్చుకోవచ్చు.. కోడు విరిగితే మంచమే పోతుంది.