రక్తహీనత: మెట్లెక్కితే ఆయాసమా? ‘నీరసమే కదా’ అని వదిలేస్తున్నారా?

దేశం ఏం తినాలో చెప్పే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది తార్నాకలోనే. దాని పక్కనే ఉస్మానియా క్యాంపస్. అక్కడ పొద్దున టిఫిన్ మానేసి, ఒక చాయ్‌తో క్లాసుకు పరుగెత్తే స్టూడెంట్లు బోలెడు మంది. రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసం, పుస్తకం పడితే తలనొప్పి. ఎగ్జామ్స్ టెన్షన్ అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం ఒంట్లో రక్తం తక్కువవడమే.

1918లో కూనూరులో బెరిబెరి వ్యాధిపై పరిశోధనతో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఉప్పులో అయోడిన్‌తో పాటు ఐరన్ కూడా కలిపే పద్ధతిని రూపొందించింది. అయినా రక్తహీనత తగ్గలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో తెలంగాణలో 57.6 శాతం, ఏపీలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. వేలి చివర తీసిన రక్తంతో పరీక్ష చేయడం వల్ల ఈ అంకెలు కాస్త ఎక్కువగా వచ్చి ఉంటాయన్న వాదన ఉంది. ఎంత తగ్గించి చూసినా ఇది చిన్న సమస్య కాదు. మగవాళ్లకు రాదనుకోవద్దు. దేశంలో ప్రతి నలుగురిలో ఒకరికి ఉంది.

ఎలా గుర్తుపట్టాలి?

గుండె దడ, కళ్లు తిరగడం, చేతులు చల్లబడటం, కింది రెప్ప లోపల ఎరుపు తగ్గి తెల్లగా కనిపించడం ముఖ్య లక్షణాలు. ఇంకొకటుంది, అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. పచ్చి బియ్యం, బలపం, ఐసుముక్కలు తినాలనిపించడం! ఇది చెడ్డ అలవాటని తిట్టే ముందు రక్తపరీక్ష చేయించాలి.

ఏ పరీక్ష చేయించాలి?

సీబీపీ చాలు. హిమోగ్లోబిన్ మహిళలకు 12, గర్భిణులకు 11, మగవాళ్లకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. అదే రిపోర్టులో ఎర్ర రక్తకణాల సైజు కూడా ఉంటుంది. కణాలు చిన్నగా ఉంటే సాధారణంగా ఐరన్ లోపం. పెద్దగా ఉంటే బీ12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపం కావొచ్చు. ఐరన్ నిల్వలు తేల్చేది ఫెరిటిన్ టెస్ట్. తలసేమియా ఉన్నవాళ్లలోనూ కణాలు చిన్నగానే ఉంటాయి. అందుకే మెడికల్ షాపులో ‘రక్తం పట్టే టానిక్’ అడిగి తాగేయడం మంచిది కాదు. నడివయసు దాటిన మగవాళ్లలో రక్తం తగ్గితే కడుపులోనో పేగుల్లోనో రక్తస్రావం ఉందేమో చూడాల్సిందే. అల్సర్, ఒక్కోసారి క్యాన్సర్ కూడా ఇలాగే బయటపడతాయి. ఆడవాళ్లయితే నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.

మాత్రలు మధ్యలో ఆపేస్తే?

చాలామంది చేసే తప్పు ఇదే. ఐరన్ మాత్ర వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, కొందరికి వికారం, మలబద్ధకం. భయపడి నాలుగు రోజులకే మానేస్తారు. నలుపు మామూలే. వికారంగా ఉంటే భోజనం తర్వాత వేసుకోవచ్చు. హిమోగ్లోబిన్ నార్మల్‌కు వచ్చాక కూడా నిల్వల కోసం దాదాపు 3 నెలలు వాడాలి. నెలైనా అంకె కదలకపోతే డాక్టర్ దగ్గరకు మళ్లీ వెళ్లాలి.

ఎర్రగా ఉందని బీట్‌రూట్ జ్యూస్ మీద పెట్టుకునే నమ్మకం మాత్రం ఎక్కువే. అందులో ఐరన్ అంతంతమాత్రం. మాంసం, లివర్‌లోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. శాకాహారులు ఆకుకూర, పప్పు తిన్నప్పుడు నిమ్మరసం పిండుకోవాలి, లేదా ఒక జామకాయ తినాలి. అన్నం తిన్న వెంటనే ఇరానీ చాయ్ తాగితే ఆ ఐరన్‌లో చాలా భాగం ఒంటికి పట్టదు. కనీసం గంట ఆగాలి. క్యాల్షియం మాత్రలు కూడా ఐరన్‌తో కలిపి వేసుకోకూడదు.

బస్తీ దవాఖానాలు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో రక్తపరీక్షకు డబ్బులు తీసుకోరు. గర్భిణులకు ఐరన్ మాత్రలు కూడా ఉచితమే.