పనికి ప్రాణము

“కూలివాడు మనసు పెట్టి పనిచేయడు, కౌలుదారుడు పొలమును తనదిగా చూడడు” అను మాట భూస్వాముల అరుగులమీద నిత్యము వినబడుచున్నది. పట్టణములలోని వర్తకులును, కార్యాలయాధికారులును తమ కొలువుకాండ్రను గూర్చి ఇదే మొర పెట్టుకొందురు. మొరలో సత్యము లేకపోలేదు. కాని మనసు పెట్టుటకు ఆ పనిలో వానికి మనము మిగిల్చినదేమో విచారించువారు అరుదు.

ఖమ్మము జిల్లాలోని వైరా సీమ ఈ విచారణకు తగిన తావు. నిజాము ప్రభుత్వమున, 1930 ప్రాంతమున, వైరా నదికి అడ్డముగా జలాశయము నిర్మితమై 17 వేల ఎకరములకు పైగా నేలకు నీటివసతి ఏర్పడినది. నేల మారినది, పని నడచు తీరు మాత్రము వెంటనే మారలేదు. ఆనాటి హైదరాబాదు సంస్థానపు పల్లెలను నడిపినది వెట్టి. చాకలి, మంగలి, కుమ్మరి మొదలుగా గలవారు దొరలకును, ఉద్యోగులకును ప్రతిఫలము లేక ఊడిగము చేయవలసియుండెను. అప్పుపడినవాడు భగేలాయై తరతరములు వడ్డీ క్రింద చాకిరి చేయుచుండెను. ఆంధ్రమహాసభ 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రారంభమై, 1934లోను, మరల 1945లోను ఖమ్మమున సమావేశమైనది. అది ఎత్తుకొన్న ముఖ్యవిషయములలో వెట్టి నిర్మూలన మొకటి. వెట్టిపనికి కన్ను కావలి. కావలి మరలినంతనే చేయి ఆగును. కొరడాతోబాటు ఆ పనియు పోయినది.

అదే సంస్థానమున, అవే దినములలో, మరియొక పనియు సాగినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును వెలసినవి. సర్కారు భాష ఉర్దూ. తెలుగు చదువునకు ఆదరణ స్వల్పము. అయినను కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు ఎవరి ఆజ్ఞయు లేకయే పూనుకొనిరి. వారి పని వారితో ముగియలేదు. నూరేండ్లు దాటినను ఆ నిలయములు నిలిచియున్నవి.

ఈ రెంటికిని భేదమెక్కడ? గ్రంథాలయము నెత్తినవాడు పనిని తానే వరించెను. చేయుచుండగా తన నేర్పు పెరుగుట చూచెను. తనవారితో కలిసి, తనవారి మేలునకు చేయుచున్నానని ఎరిగెను. వెట్టివానికి ఈ మూడింటిలో ఒక్కటియు లేదు.

కూలి చెల్లించిన చాలునా? కూలి లేక ఉత్సాహము లేదు. కడుపు మాడువానికి ధర్మబోధ చేయుట అపహాస్యము. కాని కూలి ఒక్కటియే లోపలి దీపమును వెలిగింపజాలదు. 1973లో అమెరికా శాస్త్రజ్ఞులు లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనువారు బొమ్మలు గీయుట యందు సహజముగా ఇష్టముగల పసిబిడ్డలను పరీక్షించిరి. గీసినచో బహుమానమిత్తుమని ముందుగా చెప్పి కొందరిచే గీయించిరి. తరువాత ఆ బిడ్డలు తమంతట గీయుట తగ్గెను. ముందు చెప్పక, గీసిన పిదప బహుమానమిచ్చిన బిడ్డలలో ఆ తగ్గుదల కనబడలేదు. ఆశ చూపి చేయించిన పని ఆశకే కట్టువడునన్నమాట.

ఇక నేటి కౌలును చూడుడు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చినది. భూమి చేజారునను భయమున ఆపైన పెక్కు ఒప్పందములు నోటిమాటలై, ఏడాది గడువునకు కుదించుకొనినవి. ఆసామికి హక్కుభంగము లేకుండ కౌలుదారునకు గుర్తింపుకార్డు ఇచ్చు చట్టము 2011లో వచ్చినను, తెలంగాణమున దాని ఆచరణ సన్నగిల్లినది. 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారునకే చేరినది. వచ్చే యేడు తనది కాని చేనికి చెరువుమట్టి తోలువాడెవ్వడు? గట్టు వేయువాడెవ్వడు? వాని సోమరితనము వాని స్వభావము కాదు, మన ఒప్పందము వ్రాసిన ఫలము.

ఇచ్చట కొందరు గీతను స్మరింతురు. ఫలమును కోరక పని చేయుమని కూలివానికి బోధింతురు. ఆ బోధ కర్తకు తన మనసును గూర్చి చెప్పబడినది. పరుల ఫలమును గైకొనువాడు తన గాదె నింపుకొనుటకు దానిని వాడుట శాస్త్రద్రోహము.

కావున వైరా ఆయకట్టు ఆసాములకును, తక్కిన పాఠకులకును మా విన్నప మిది. కౌలును కొన్ని యేండ్ల గడువుతో కాగితముపై వ్రాయుడు. ఏ విత్తనము, ఏ పైరు అనుటలో దున్నువాని మాట వినుడు. కాలువ పూడిక తీయునాడు మీరును పార పట్టుడు. పట్టణమున కొలువిచ్చువారు గుమాస్తాకు పనితోబాటు ఆ పని ఎందులకో చెప్పుడు, నేర్చుకొను తావు ఇండు. కావలివానికిచ్చు జీతము అప్పుడు మిగులును. మనసు పెట్టుమని ఎవ్వరికిని చెప్పనక్కరలేదు. పెట్టుటకు చోటు చూపిన చాలును.