తలెత్తి చూసే ఫిరంగి

సంగారెడ్డి జిల్లాలో పుట్టి లద్దాఖ్ కొండల్లోనూ, కాంగో మట్టి దారుల్లోనూ కొలువు చేసిన ఒక యుద్ధ వాహనం కథ ఇది. దాని లోపల కంటికి అద్దం ఆనించుకుని కూర్చునే గన్నర్ కథ కూడా.

హైదరాబాద్ నుంచి ముంబై హైవే ఎక్కితే పటాన్‌చెరు దాకా లారీలదే రాజ్యం. మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు, గోదాములు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని షిఫ్టు బస్సు కోసం నిలబడ్డ జనం. కంది దగ్గర ఎడమ చేతికి శంకర్‌పల్లి రోడ్డు పట్టగానే చప్పుడు తగ్గుతుంది. మరికొంత దూరం పోతే ఎద్దుమైలారం. ఊరి పేరులో ఎద్దు ఉంది. ఊరి పక్కన మాత్రం పద్నాలుగు టన్నుల ఇనుప జంతువులు పుడుతుంటాయి.

కాగితాల మీద దాని పేరు ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, మెదక్. 2016లో జిల్లా చీలి సంగారెడ్డి వేరుపడినా ఫ్యాక్టరీ పేరులో మెదక్ అలాగే ఉండిపోయింది. ఇక్కడి జనానికి ఆ పొడవాటి పేరుతో పని లేదు. ‘ఓడీఎఫ్’ అంటే చాలు. ‘మావోడు ఓడీఎఫ్‌ల చేస్తడు’ అన్న మాటలో ఉద్యోగం, క్వార్టరు, పిల్లల చదువు అన్నీ కలిసి వినిపిస్తాయి. అక్కడ ఏం చేస్తారని అడిగితే ‘ట్యాంకులు’ అంటారు. సైన్యం లెక్కలో అది ట్యాంకు కాదు. బీఎంపీ-2, మన పేరు ‘సారథ్’. సైనికులను కడుపులో పెట్టుకుని పోరు జరిగే చోటికే మోసుకుపోయే బండి. నడిపేవాడు, కమాండర్, గన్నర్ ముగ్గురు సిబ్బంది. వెనక ఏడుగురు జవాన్లు. కింద గొలుసు చక్రాలు. వాగు అడ్డొస్తే వంతెన కోసం ఆగదు, ఈదుకుంటూ దాటుతుంది.

74 డిగ్రీలు

ఈ బండి టరెట్‌లో ఉండేది 30 మిల్లీమీటర్ల ఫిరంగి. ట్యాంకు గొట్టం ముందుకే చూస్తుంది, కాస్త లేచి ఆగిపోతుంది. ఇది 74 డిగ్రీల దాకా లేస్తుంది. అంటే దాదాపు నడినెత్తికి. నేల మీది బండికి ఆకాశంతో ఏం పని అనిపించవచ్చు. పని ఉందని యుద్ధాలే నేర్పాయి. దీనికి ముందు వచ్చిన బీఎంపీ-1కు 73 మిల్లీమీటర్ల ఫిరంగి ఉండేది. అది తల పెద్దగా ఎత్తలేదు. అఫ్ఘానిస్థాన్ లోయల్లో సోవియట్ బండ్లు కింద, శత్రువులు కొండ కొమ్మున. గొట్టం అక్కడిదాకా లేవకపోతే ఎంత మందుగుండు ఉన్నా దండగే. 1980 ప్రాంతంలో వచ్చిన బీఎంపీ-2కు సన్నని, వేగమైన, తలెత్తగల ఫిరంగి పెట్టారు. దాంతో కొండ మీది మాటుతో పాటు తక్కువ ఎత్తులో ఎగిరే హెలికాప్టర్ కూడా గురిలోకి వచ్చింది. శత్రు ట్యాంకుల మీదికి క్షిపణి, కాలిబంట్ల మీదికి మెషిన్‌గన్, ఆకాశం మీదికి ఈ ఫిరంగి. మూడు దిక్కులకూ ఒక్కడే గన్నర్.

బండిలో ఉండేది 500 గుండ్లు. ఫిరంగిని పూర్తి వేగంతో వదిలేస్తే అవి నిమిషంలోపే అయిపోతాయి. కాబట్టి గన్నర్‌కు మొదట నేర్పే విద్య పేల్చడం కంటే ఆగడమే. రెండు మూడు గుండ్లు వదలాలి, చూడాలి, గురి సవరించుకోవాలి. మళ్లీ వదలాలి.

బోఫోర్స్ మీద ఇద్దరు

ఈ విద్యకు పాత బడి ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విమాన విధ్వంసక దళాలది. రాయల్ ఆర్టిలరీలో మామూలు సిపాయి హోదా పేరే ‘గన్నర్’. ఆ మాట మన సైన్యానికీ వచ్చింది. తక్కువ ఎత్తులో వచ్చే విమానాలకు స్వీడన్ వాళ్లు రూపొందించిన 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ గన్ను, ఎత్తున పోయే బాంబర్లకు 3.7 అంగుళాల గన్ను. బోఫోర్స్ మీద చెరోవైపు ఒకరు కూర్చునేవారు. ఒకరు గొట్టాన్ని పక్కలకు తిప్పితే మరొకరు పైకీ కిందికీ తిప్పాలి. ఇద్దరి చేతులూ ఒకే మనిషివన్నట్టు కదిలితేనే గురి కుదిరేది. ఇంకొకరు నాలుగేసి గుండ్ల పట్టీలను పైనుంచి అందిస్తూ ఉండాలి.

1940 సెప్టెంబరులో లండన్ మీద రాత్రిపూట బాంబులు కురుస్తుంటే విమానాలు చీకట్లో కనిపించేవి కావు. అయినా నగరం చుట్టూ ఉన్న గన్నులన్నీ రాత్రంతా పేల్చమని దళాధిపతి జనరల్ పైల్ ఆదేశించాడు. కూలిన విమానాలు తక్కువే. నేల కింద దాక్కున్న జనానికి మాత్రం ఆ మోత ధైర్యమిచ్చింది, తిరగబడేవాడు ఒకడున్నాడని. రాడార్ చేతికొచ్చాకే గుండు వృథా తగ్గుతూ వచ్చింది. ఇంటి గడప కాచిన ఆ గన్నర్లలో చాలామందిని తర్వాత ఓడలెక్కించారు. ఈజిప్టు, ఇటలీ, బర్మా. బర్మాలో జపాన్ విమానాలు పలచబడ్డాక అవే గొట్టాలను కిందికి దించి బంకర్ల మీద పేల్చారు. ఆకాశానికని చేసిన గన్ను నేలకు పనికొచ్చింది. నేలకని చేసిన సారథ్ గన్ను ఇప్పుడు ఆకాశానికీ పనికొస్తోంది.

మన ఆకాశం, మన శిస్తు

ఆ యుద్ధం మెదక్ పల్లెలకు దూరమేమీ కాదు. నిజాం ఇచ్చిన సొమ్ముకు గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో మూడు స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరు పెట్టారు. 110, 152, 253. యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ యుద్ధ నౌకల మీద జరిగిన తొలి బాంబు దాడిలో 110వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్‌లు ఉన్నాయి. వాటి వీపు మీది టరెట్‌లో ఒక గన్నర్ వెనక్కి తిరిగి కూర్చునేవాడు. 152వ స్క్వాడ్రన్ చిహ్నం నిజాం తలపాగా. ఆ స్పిట్‌ఫైర్లు మొదట ఇంగ్లండ్ గగనాన్ని కాచి, తర్వాత ఉత్తర ఆఫ్రికా మీదుగా బర్మా దాకా వచ్చాయి. ఆ సొమ్ములో సంగారెడ్డి తాలూకా రైతు కట్టిన శిస్తు పైసలు లేవని ఎలా అనుకుంటాం?

డబ్బే కాదు, మనుషులూ వెళ్లారు. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు మలయాలో కోట భారు తీరాన దిగినప్పుడు అక్కడి విమానాశ్రయానికి కాపలా ఉన్నది హైదరాబాద్ సంస్థాన సేనకు చెందిన ఒక పటాలమే. పైన విమానాలు, కింద తీరం నుంచి దూసుకొచ్చే శత్రువు. ఆ గందరగోళంలో విమానాశ్రయం చేజారింది, పటాలం అధిపతి ప్రాణాలు పోయాయి. నాలుగు నెలలు తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమాన వాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు తరలిపోయారు. తలెత్తి ఆకాశం వైపు భయంగా చూడటం తెలుగువాళ్లకు తెలిసిన రోజది.

ఎంపీ గారి ఫ్యాక్టరీ

1980లో మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచినావిడ ఇందిరా గాంధీ. 1984 జులై 19న ఎద్దుమైలారంలో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది ఆవిడే. మూడు నెలలు గడిచీ గడవకముందే, అక్టోబరు 31న, ఆమె హత్య జరిగింది. ఫ్యాక్టరీ మాత్రం ఆగలేదు. సోవియట్ యూనియన్ నుంచి పెట్టెల్లో వచ్చిన భాగాలు బిగించి 1987లో తొలి బండిని బయటికి తెచ్చారు. తర్వాత ఒక్కొక్క భాగమే ఇక్కడిదవుతూ వచ్చింది. ఈ ఛాసిస్ మీదే మోర్టార్ మోసే బండి, గాయపడ్డవాళ్లను తెచ్చే కవచ అంబులెన్సు, నాగ్ క్షిపణుల వాహనం నామికా రూపుదిద్దుకున్నాయి. మందుపాతరలకు తట్టుకునే వాహనాలు కూడా ఇక్కడినుంచి వెళ్లాయి. వాటిని అడవుల్లో నడిపింది మన కేంద్ర బలగాలే. బండికి ఇంటి కొలువంటే కొన్నిసార్లు అదీ.

ఎద్దుమైలారం ఒంటరిది కాదు. పటాన్‌చెరు మండలంలోని భానూరులో భారత్ డైనమిక్స్ యూనిట్ ఉంది. 1970లో హైదరాబాద్‌లో పుట్టిన ఆ సంస్థ మొదట చేసింది ఫ్రెంచి నమూనా ట్యాంకు విధ్వంసక క్షిపణి. పేల్చినవాడు చేతిలోని పుల్లతో దాన్ని కడదాకా నడపాల్సి వచ్చేది. భానూరులో చేసే కొంకుర్స్ అంతకంటే తెలివైనది. గన్నర్ అద్దంలో గీతల కూడలిని లక్ష్యం మీద నిలిపితే చాలు, వెనక సాగే సన్నని తీగ గుండా క్షిపణి తన దారి సవరించుకుంటుంది. నాలుగు కిలోమీటర్ల దూరం చేరడానికి సుమారు 20 సెకన్లు. ఆ 20 సెకన్లూ గన్నర్ కన్ను పక్కకు పోకూడదు. అవతలివాడు తన మీద పేలుస్తున్నా సరే. సారథ్ టరెట్ మీద బిగించేది ఈ క్షిపణినే. ఒకే జిల్లాలో ఒక ఊరు బండిని చేస్తుంది, మరో ఊరు దాని నెత్తి మీది బాణాన్ని చేస్తుంది. ఆ రెండింటినీ కలిపి చూసేది మాత్రం ఎక్కడో సరిహద్దులో ఉన్న గన్నర్.

ఇంటా బయటా

ఈ బండ్లను ఎక్కువగా నడిపేది మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ. 1979లో ఏర్పడిన రెజిమెంటు అది, కేంద్రం మహారాష్ట్రలోని అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్). రాజస్థాన్ ఇసుకలో, పంజాబ్ కాలువల మీద పనిచేయడానికి తీసుకున్న బండి చివరికి గాలి పలచనైన లద్దాఖ్‌కూ ఎక్కింది. 2020లో చైనాతో ఉద్రిక్తత పెరిగినప్పుడు అక్కడి మైదానాల్లో బీఎంపీలు బారులు తీరాయి. అఫ్ఘాన్ కొండలు నేర్పిన పాఠం హిమాలయాల్లోనూ అక్కరకొచ్చింది. గొట్టం పైకి లేవాలి.

విదేశీ కొలువు సంగతి వేరు. సియెర్రా లియోన్‌లో, కాంగోలో ఐక్యరాజ్యసమితి శాంతి దళాలతో వెళ్లిన భారత బీఎంపీలకు ఆకుపచ్చ తీసి తెల్ల రంగు వేశారు. పక్కల మీద పెద్ద అక్షరాలతో ‘యూఎన్’. అక్కడి గన్నర్‌కు ఆజ్ఞ వేరుగా ఉంటుంది. గొట్టం కనిపించాలి, పేలాల్సిన అవసరం రాకూడదు. లండన్ రాత్రుల్లో మోత చేసిన పనిని ఆఫ్రికా దారుల్లో మౌనం చేయాలి.

వీటిని బిగించిన చేతులకు బండ్లు వెళ్లే చోట్ల పేర్లు తెలుస్తాయా అంటే, పేపర్లో ఫొటో పడితేనే. గేటు దాటిన బండి ఎటు పోయిందో చెప్పేవాళ్లుండరు. దాన్ని నడిపే జవానుకు ఎద్దుమైలారం ఎక్కడుందో తెలియాల్సిన పనీ లేదు.

గోడ లోపల ఊరు

ఓడీఎఫ్ ఎస్టేట్ గోడ లోపల ఒక పూర్తి ఊరుంది. క్వార్టర్లు, బడి, చెట్ల నీడన తిన్నటి రోడ్లు. 2008 ఆగస్టులో ఐఐటీ హైదరాబాద్ తొలి తరగతులు మొదలైంది కూడా ఈ ఎస్టేట్‌లోనే. కందిలో సొంత క్యాంపస్ లేచి 2015లో తరలిపోయేదాకా దేశంలోని తెలివైన పిల్లలు కొందరు ఫిరంగుల ఫ్యాక్టరీ పక్కన పాఠాలు చదివారు.

2021లో ఈ ఊరికి వేరే రకం యుద్ధం వచ్చింది. దేశంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలను బోర్డు కింద నుంచి తీసి ఏడు ప్రభుత్వ కంపెనీలుగా మార్చాలని కేంద్రం నిర్ణయించింది. కార్మిక సంఘాలు సమ్మెకు సిద్ధమయ్యాయి. రక్షణ ఉత్పత్తిలో సమ్మెను నిషేధిస్తూ ఆ జూన్ చివర్లోనే ఆర్డినెన్సు వచ్చింది. అక్టోబరు 1 నుంచి ఓడీఎఫ్ చెన్నై శివారు ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్ లిమిటెడ్‌లో భాగమైంది. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులు కంపెనీకి డిప్యుటేషన్ మీద పనిచేస్తున్నట్టు పరిగణించారు. ఆర్డర్లుంటేనే కంపెనీ, కంపెనీ ఉంటేనే ఊరు అన్న లెక్క వాళ్లకు కొత్తగా పట్టుకుంది.

ఆ లెక్కలో 2024 ఫిబ్రవరి పెద్ద మజిలీ. 693 బీఎంపీ-2లకు ఆయుధ వ్యవస్థ నవీకరించే ఒప్పందాన్ని రక్షణ శాఖ ఈ నిగమ్‌తో చేసుకుంది. రాత్రిపూట కనిపించే చూపు, గన్నర్‌కు కొత్త సైట్, కమాండర్‌కు నలుదిక్కులా చూసే సైట్, కదిలే లక్ష్యాన్ని తనంతట తానే వెంబడించే పరికరం. బోఫోర్స్ మీద ఇద్దరు మనుషులు చక్రాలు తిప్పుతూ చేసిన పని ఇక ఒక చిన్న పెట్టెది.

ఆకాశం కూడా మారింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో సరిహద్దు దాటి వచ్చినవాటిలో డ్రోన్లే ఎక్కువ. వాటిని ఎదుర్కొన్న వరసలో భారత్ డైనమిక్స్ తయారుచేసిన ఆకాశ్ క్షిపణులున్నాయి, పాత 40 మిల్లీమీటర్ల ఎల్-70 గన్నులూ ఉన్నాయి. లండన్‌ను కాచిన బోఫోర్స్‌కు అది తమ్ముడే. లక్షల ఖరీదు చేసే డ్రోన్ మీద కోట్ల ఖరీదు చేసే క్షిపణి వదలడం గిట్టుబాటు కాదు. అందుకే సైన్యాలన్నీ మళ్లీ గన్ను వైపు చూస్తున్నాయి.

సాయంత్రం షిఫ్టు వదిలితే బస్సులు కంది వైపు బారులు తీరుతాయి. కిటికీ పక్క సీట్లో కునుకు తీసే మనిషి పొద్దంతా ఏ బోల్టు బిగించాడో, ఏ అద్దం తుడిచాడో అతనికే తెలుసు. ఆ అద్దానికి రేపు ఎవరో కన్ను ఆనిస్తారు. 74 డిగ్రీలు లేచే ఆ గొట్టం నిజంగా అక్కడిదాకా లేస్తుందా లేదా అన్న నమ్మకం మాత్రం ఈ మనిషి పెట్టి పంపిందే.