టాపు కోసిన చెరోకీ

ఏజెన్సీ సంతలకు తిరిగే జీపుల్ని చూసినవాళ్లకు టాపు సంగతి వేరే చెప్పక్కర్లేదు. లోపల ఎంతమంది కూర్చుంటారో పైన కూడా దాదాపు అంతమంది. వాళ్ల మధ్యలో మూటలు, అరటి గెలలు, కోళ్ల బుట్టలు. గుడ్డ టాపున్న పాత జీపైతే దాన్ని విప్పి చుట్టి పక్కన పడేసినా బండికి వచ్చే నష్టం లేదు. ఎండకూ వానకూ అడ్డుగా ఉండటమే దాని పని. బరువు మోసేదీ కుదుపు తట్టుకునేదీ అడుగున ఉన్న ఛాసిస్.

అదే జీపు పేరుతో అమెరికాలో పుట్టిన చెరోకీ కథ వేరు. దాని టాపు కోయడమంటే వెన్నుపూస మీద రంపం పెట్టడమే. అయినా పాతికేళ్లో ముప్పై ఏళ్లో తిరిగిన చెరోకీని చవగ్గా కొని, సీటు వెనకనుంచి టాపు కోసేసి, మిగిలిన వెనక భాగాన్ని తొట్టిగా మార్చి, రాళ్లూ వాగులూ ఎక్కి దిగే పికప్‌ను ఇంటి షెడ్డులోనే తయారు చేసుకునేవాళ్లు అక్కడ ఉన్నారు. కారు టాపు అసలేం చేస్తుందో వాళ్లకు తెలిసినంత బాగా మరొకరికి తెలియదని నాకనిపిస్తుంది.

చెరోకీ అనే పేరు 1974 నుంచే ఉంది. అయితే ఇక్కడ చెప్పుకుంటున్నది 1984 మోడల్‌గా వచ్చిన చిన్న చెరోకీ. కంపెనీ లోపల దాని గుర్తు ఎక్స్‌జే, అభిమానులు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. తయారుచేసింది అమెరికన్ మోటార్స్, అప్పటికి దానితో చేయి కలిపింది ఫ్రాన్సు కంపెనీ రెనో. ఇంజినీరింగ్ బాధ్యత రాయ్ లన్ అనే ఆయనది. ఇంగ్లండులో పుట్టి, అంతకుముందు ఫోర్డులో జీటీ40 రేసు కారు మీద పనిచేసిన మనిషి. ఆ కారు 1966 నుంచి 1969 దాకా వరసగా నాలుగేళ్లు లె మాన్ 24 గంటల పందెం గెలిచింది. రేసు కార్ల దగ్గర పనిచేసినవాడికి ప్రతి కిలో లెక్కే. 1973లో ఒకసారి, 1979లో ఒకసారి పెట్రోలు సంక్షోభం తగిలిన అమెరికాలో బరువైన పెద్ద జీపులకు గడ్డుకాలం నడుస్తున్నప్పుడు ఆ లెక్క బాగా పనికొచ్చింది.

నిచ్చెనలాంటి ఛాసిస్ వేసి దానిమీద బాడీని బోల్టులతో బిగించడం పాత పద్ధతి. ఎక్స్‌జేలో దాన్ని వదిలేశారు. పలుచటి రేకును మడిచి పట్టాలుగా చేసి, వాటిని నేల రేకుకే వెల్డ్ చేసి, నేల, పక్కలు, టాపు అన్నీ కలిసి ఒకే గూడుగా నిలబడేలా కట్టారు. కంపెనీ దీనికి యూనిఫ్రేమ్ అని పేరు పెట్టుకుంది. పాత పెద్ద చెరోకీతో పోలిస్తే కొత్తది అర మీటరు పొట్టి, దాదాపు 450 కిలోలు తేలిక. అలాగని మోటుతనం పోలేదు. ముందూ వెనకా గట్టి ఇరుసులే, ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాను కట్టలు. 1987లో వచ్చిన 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ ఎంత గట్టిదంటే, బాడీ తుప్పుపట్టి రాలిపోతున్నా ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉండే బళ్లు కొల్లలు. 2001లో అమెరికాలో తయారీ ఆగే నాటికి 28 లక్షలకు పైగా ఎక్స్‌జేలు బయటికి వచ్చాయి.

యూనిఫ్రేమ్ బలమేమిటో చూడాలంటే ఒక చెప్పుల డబ్బా చాలు. మూత తీసి రెండు చివర్లూ పట్టుకుని తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. తేలిగ్గా మెలిపడుతుంది. ఇప్పుడు మూత పెట్టి, అంచుల చుట్టూ టేపు గట్టిగా అంటించి మళ్లీ తిప్పండి. అట్ట అదే, మందమూ అదే, కానీ ఈసారి డబ్బా లొంగదు. మూత ఉన్నప్పుడు మెలితిప్పే బలం డబ్బా చుట్టూ ఎక్కడా తెగకుండా ఒక చుట్టు తిరిగి రాగలదు. మూత తీస్తే ఆ దారి తెగిపోతుంది. ఇంజినీర్లు దీన్నే గొట్టంతో లెక్క కట్టి చెబుతారు. 10 సెంటీమీటర్ల వ్యాసం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప గొట్టాన్ని ఈ చివరినుంచి ఆ చివరిదాకా నిలువునా ఒక్క గీతలా చీల్చారనుకోండి. అందులోంచి చిటికెడు ఇనుము పోలేదు. అయినా మెలిపడకుండా నిలిచే బిగువు దాదాపు 1,900వ వంతుకు పడిపోతుంది.

మెలిక ఒక్కటే కాదు, వంగడం కూడా ఉంది. గర్డరును చూడండి, ఇనుమంతా పై అంచులోనూ కింది అంచులోనూ ఉంటుంది, మధ్యలో ఉన్నది సన్నటి గోడ. ఆ రెండు అంచుల మధ్య ఎడం పెరిగేకొద్దీ గర్డరు మొండికేస్తుంది. చెరోకీలో టాపు పై అంచు, నేల కింది అంచు, కిటికీల మధ్య స్తంభాలు ఆ సన్నటి గోడ. మీటరుకు పైగా ఎత్తున్న గర్డరు అన్నమాట. టాపు కోస్తే నేలా దాని కింది రేకు పట్టాలే మిగులుతాయి. నిలువెత్తు గర్డరు పోయి చేతి వెడల్పు పట్టీ అవుతుంది.

ఈ చిక్కు ముందుగా ఎదురైంది కంపెనీకే. ఎక్స్‌జే ముక్కూ ముఖమూ అలాగే ఉంచి పికప్ తీసుకురావాలనుకున్న అమెరికన్ మోటార్స్ 1986 మోడల్‌గా కమాంచీని విడుదల చేసింది. అది టాపు కోసిన చెరోకీ కాదు. ముందు క్యాబిన్ వరకు యూనిఫ్రేమ్ గూడునే ఉంచి, అక్కడినుంచి వెనక్కి గట్టి నిచ్చెన ఛాసిస్‌ను అతికి, దానిమీద తొట్టిని విడిగా కూర్చోబెట్టారు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం పొట్టి తొట్టి బండిలోనే చెరోకీ కంటే సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కువ. చెరోకీలో వెనక కమాను కట్టలు ఇరుసు మీద కూర్చుంటే, కమాంచీలో ఇరుసు కిందికి వెళ్లాయి. టన్ను బరువు మోసే రకం కూడా ఒకటి అమ్మారు. 1987లో క్రైస్లర్ అమెరికన్ మోటార్స్‌ను కొనేసింది, 1992తో కమాంచీ ఆగిపోయింది. మొత్తం కలిపి రెండు లక్షలు కూడా దాటలేదు.

28 లక్షల చెరోకీలు ఒకవైపు, రెండు లక్షల లోపు కమాంచీలు ఇంకోవైపు. కమాంచీ కావాలనుకున్నవాడికి అది దొరకదు, చెరోకీ మాత్రం పక్క వీధిలోనే ఉంటుంది. దానికితోడు, చలికాలంలో రోడ్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లే రాష్ట్రాల్లో బండికి ముందుగా పోయేది వెనక భాగమే. చక్రాల గూళ్లు, డిక్కీ అంచులు తుప్పుతో చేతికొస్తుంటే ఇంజన్, గేర్‌బాక్సు, ఇరుసులు ఇంకా దిట్టంగా ఉంటాయి. పోయిన భాగాన్ని కోసేసి ఉన్నదాన్ని వాడుకుందామన్న ఆలోచన ఏ రైతుకైనా వచ్చేదే.

పని తెలిసినవాడు గ్రైండర్ పట్టుకునే ముందే వెల్డింగ్ మిషన్ తీస్తాడు. టాపు ఇంకా ఉన్నప్పుడే లోపల స్తంభం నుంచి స్తంభానికి, టాపు నుంచి నేలకు అడ్డంగానూ ఏటవాలుగానూ పైపులు అతికి బిగిస్తాడు. కోశాక బిగిద్దామనుకుంటే అప్పటికే గూడు కాస్త విచ్చుకుని ఉంటుంది, ఆ వంకరనే శాశ్వతం చేసినట్టవుతుంది. కోత పడేది డ్రైవరు తలుపు వెనక స్తంభానికి కాస్త వెనకగా, ఎందుకంటే ఆ స్తంభమే కొత్త క్యాబిన్‌కు వెనక మూల. అక్కడ స్క్రాప్ యార్డు నుంచి తెచ్చిన ఏదో పికప్ వెనక గోడను అద్దంతో సహా కొలతకు కోసి అతుకుతారు. ఈ గోడ కేవలం దుమ్ము రాకుండా కాదు. చెప్పుల డబ్బా మూత పోయినప్పుడు కనీసం మధ్యలో ఒక అడ్డగోడ నిలబెట్టినట్టు. సీటు వెనక మూల నుంచి మూలకు పైపు చట్రం కూడా వేస్తే క్యాబిన్ మళ్లీ దాదాపు మూసిన పెట్టె అవుతుంది.

బాడీ రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ. మామూలు ఆర్క్ వెల్డింగ్ పెడితే చిల్లు పడుతుంది. సీఓటూ వెల్డింగ్‌తో కూడా గీత గీసినట్టు ఒకే ఊపున లాగకూడదు. మీటరు పొడవు ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే 6 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారాక ముడుచుకుని రేకును అప్పడంలా వంకర తిప్పుతుంది. అందుకే ఇక్కడొక చుక్క, చెయ్యెడు దూరంలో ఇంకో చుక్క, తర్వాత వాటి మధ్యలో మరొకటి. మన ఊళ్లలో టింకరింగ్ పనివాళ్లు చేసేదీ ఇదే. ఓపికే సగం పని.

చాలామంది దెబ్బతినేది నేల దగ్గర. కింద పట్టాలు కనిపిస్తాయి, అవే ఛాసిస్ అనుకుంటారు, పైనున్న తుప్పు నేలను ఊడబెరికి చెక్క పలకలు పరుద్దామనుకుంటారు. కానీ ఎక్స్‌జే పట్టాలు మూసిన గొట్టాలు కావు, పైన తెరుచుకున్న రేకు కాలువలు. వాటికి మూత నేల రేకే. నేల పీకిన క్షణంలో ఆ పట్టా నిలువునా చీల్చిన గొట్టంతో సమానం. నేల తీయక తప్పకపోతే పట్టాకు మూడు మిల్లీమీటర్ల దళసరి ప్లేటు అతికి ముందు దాని నోరు మూయాలి, ఆ తర్వాతే మిగతా పని. ఈ ఒక్క సంగతి తెలియక నడుము పడిపోయిన బళ్లు ఉన్నాయి.

చెరోకీ పెట్రోలు ట్యాంకు ఉండేది కోసి అతికే ఆ వెనక భాగంలోనే, వెనక ఇరుసు వెనకాల నేల కింద. నిండా ఉన్న ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది, ఖాళీ ట్యాంకులో అలాంటి గాలి ఉండొచ్చు. ట్యాంకును విప్పి ఆవరణ దాటించాకే నిప్పురవ్వ లేవాలి. ఇందులో తొందర పనికిరాదు.

బ్రేకుల సంగతి అంతగా ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోవాలి. అద్దాలు, డిక్కీ తలుపు, వెనక సీటు, టాపు పోయాక వెనక చక్రాల మీద బరువు బాగా తగ్గుతుంది. పైగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు తూగుతుంది. కంపెనీ అసలు బరువుకు సరిపెట్టిన బ్రేకు ఇప్పుడు వెనక చక్రాలను ముందే పట్టేస్తుంది. తడి రోడ్డు మీద ఆ బండి తోక ముందుకు వచ్చేస్తుంది. కమాంచీలో వెనక బరువును బట్టి బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు అందుకే పెట్టారు. ఇంట్లో కట్టుకునేవాడు కూడా అలాంటిది బిగించాలి.

ఇంత కష్టానికి దక్కేదేమిటంటే ఒకటి తొట్టి, రెండోది పొట్టి తోక. వెనక టైరు నేలను తాకే చోటునుంచి బంపరు కింది అంచుదాకా గీత గీస్తే నేలతో ఏర్పడే కోణాన్ని బట్టి బండి ఎంత నిటారు గట్టు దిగగలదో తెలుస్తుంది. అంచు అర మీటరు ఎత్తున, 90 సెంటీమీటర్లు వెనక్కి ఉంటే ఆ కోణం 29 డిగ్రీలు. తోకను 30 సెంటీమీటర్లు కోసేస్తే దాదాపు 40. గుంత దిగేటప్పుడు బంపరు రాయికి కొట్టుకునే బండి, గీటు పడకుండా దిగే బండి అవుతుంది.

కారుకు తొట్టి తగిలించాలన్న కోరిక ఈనాటిది కాదు. ఆస్ట్రేలియాలో ఒక రైతు భార్య, ఆదివారం చర్చికీ సోమవారం పందుల్ని సంతకు తోలడానికీ ఒకే బండి కావాలని ఫోర్డుకు ఉత్తరం రాస్తే, లూయిస్ బాంట్ అనే యువకుడు 1934లో కారు పక్కలను అలాగే సాగదీసి తొట్టిగా మలిచాడు. క్యాబిన్, తొట్టి ఒకే ముక్క. కానీ అదే ఆలోచనను అమెరికా ఫోర్డు 1961లో పెద్ద పికప్‌లకు వాడినప్పుడు బెడిసికొట్టింది. బరువు ఎక్కినప్పుడు కింద ఛాసిస్ వంగింది, పైన ఒకే ముక్కగా ఉన్న రేకు వంగలేక తలుపులు బిగుసుకుపోతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. 1963 తర్వాత ఆ రకం ఆపేశారు. బొలెరో పికప్‌ను ఈసారి పక్కనుంచి చూడండి, క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య వేళ్లు దూరే సందు ఉంటుంది. ఛాసిస్ మెలిపడినప్పుడు రెండూ దేని దారిన అది కదలడానికే ఆ సందు. హోండా 2005లో తెచ్చిన రిడ్జ్‌లైన్‌లో అలాంటి సందు లేదు, ఎందుకంటే అది గూడు రకం. క్యాబిన్ వెనక మూల నుంచి తొట్టి అంచుదాకా ఏటవాలుగా రెక్కలాంటి పక్కలు దింపారు. టాపు చేసిన పనిలో కొంతైనా ఆ రెక్కలు చేస్తాయి. చెరోకీ కోసేవాళ్లలో కూడా ఈ రెక్కల్ని ఉంచుకున్నవాళ్ల పనితనమే నాకు నచ్చుతుంది.

మన దగ్గర ఈ పని చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. టాపు మోసే బరువు తెలిశాక ఆ నిబంధనను నేను తప్పుపట్టలేను. అమెరికాలో రాష్ట్రానికో రూలు. ఎక్కడైనా బండి మాత్రం ఒకే పరీక్ష పెడుతుంది.

రంగు వేయకముందే, తొట్టికి వెనక తలుపు కూడా పెట్టకముందే, బండిని చదునైన చోట నిలబెట్టి డ్రైవరు తలుపు తీసి వేస్తారు. సందు పైనా కిందా సమానంగా ఉందో లేదో వేలు పెట్టి చూస్తారు. తర్వాత ఒక వెనక చక్రం కింద జాకీ పెట్టి, అది నేల వదిలేదాకా లేపుతారు. బండి ఇప్పుడు మూడు కాళ్ల మీద మెలిపడి నిలబడి ఉంది. మళ్లీ తలుపు తీసి, నెట్టకుండా దాని బరువుతోనే పడేలా వదులుతారు. గూడు చెదిరి ఉంటే గొళ్లెం అంచుకు తగిలి తలుపు వెనక్కి వస్తుంది, ముందు అద్దం మూలలో ఎక్కడో సన్నగా కిర్రుమంటుంది. అప్పుడు జాకీ దించి, వెల్డింగ్ మిషన్ మళ్లీ ఆన్ చేయాలి. గూడు నిలిచి ఉంటే నేల మీద ఉన్నప్పుడు ఎలా పడిందో అలాగే, టక్కుమని ఒక్క చప్పుడుతో తలుపు పడుతుంది.